కంది చేను తేనెటీగ, పరాయి దీవులు

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్ ప్రాంతంలో తేనెటీగ అనగానే ఎవరికైనా తోచేది అడవిలో ఎత్తయిన చెట్ల కొమ్మలకూ కొండచరియలకూ వేలాడే తేనెపట్టు, దాన్ని కమ్ముకుని కాపలా కాసే వేలాది ఈగల గుంపు. అయితే శాస్త్రజ్ఞులు ఇంతవరకు పేరు పెట్టి వర్ణించిన 20 వేలకు పైగా తేనెటీగ జాతులలో మైనపు పట్టు కట్టి తేనె నిల్వచేసే అసలు తేనెటీగలు పది పన్నెండు జాతులకు మించవు. తక్కినవాటిలో అత్యధిక భాగం పట్టూ, రాణీ, కూలి ఈగలూ లేకుండా ఎవరి సంసారం వారే ఈదుకునే ఒంటరి తేనెటీగలు. వీటిలో ఒకటైన మెగాకైలీ లనాటా భారత ఉపఖండానికి చెందినది. ఇక్కడి కంది, జనుము చేలకు చిరకాలంగా ఉపకారం చేస్తున్న ఈ కీటకం మనుషుల ప్రయాణాల వెంట సముద్రాలు దాటి వెస్టిండీస్ దీవులలో స్థిరపడింది. దాని దగ్గరి బంధువులూ, ఇదే ఉపఖండానికి చెందిన మరికొన్ని చిన్న తేనెటీగలూ హవాయి, ఫిజీ దీవులకు చేరి అక్కడ పరదేశి జాతులుగా నమోదయ్యాయి. సొంతగడ్డ మీద పంటకు మేలు చేసే ప్రాణి ఒక దీవికి చేరినప్పుడు అక్కడివారికి ఎందుకు ఆందోళన కలిగిస్తుంది, ఆ ఆందోళనతో ఉట్నూర్ కంది రైతుకు ఏమి సంబంధం అనే రెండు ప్రశ్నలు ఈ ప్రసంగానికి విషయం.

ముందుగా ఒంటరి తేనెటీగ జీవన విధానాన్ని తెలుసుకోవలసి ఉంటుంది. ఆడ ఈగ మగ ఈగతో ఒకసారి జతకట్టిన తరువాత గూటికి తగిన చోటు వెతుక్కుని, అందులో ఒక గది కట్టి, పుప్పొడిని మకరందంతో తడిపి ముద్దగా చేసి ఆ గదిలో ఉంచి, దాని మీద ఒక్క గుడ్డు పెట్టి, గది మూతి మూసివేస్తుంది; ఆ వెంటనే దాని ముందు రెండో గది కట్టడం మొదలుపెడుతుంది. ఇలా వరుసగా కొన్ని గదులు పూర్తయ్యాక గూటి ద్వారాన్ని గట్టిగా పూడ్చి, మరో గూటికి చోటు వెతుక్కుంటూ వెళుతుంది. సాధారణంగా పిల్లలు బయటికి వచ్చే నాటికి తల్లి బతికి ఉండదు. గుడ్డు నుంచి వెలువడిన పురుగు తనకోసం ఉంచిన ముద్దను తిని పెరిగి, ప్యూపా దశ దాటి, కొన్ని వారాలకో కొన్ని నెలలకో రెక్కలతో బయటపడుతుంది. దోచుకోదగిన తేనె నిల్వ ఈ గూళ్లలో ఉండదు కాబట్టి వాటిని రక్షించుకోవడానికి గుంపుగా మీదపడి కుట్టే స్వభావమూ ఈ ఈగలకు లేదు. చేత్తో పట్టుకుంటే తప్ప అవి సాధారణంగా కుట్టవు. పల్లెవాసులకు బాగా తెలిసిన నల్లని తుమ్మెద, అంటే ఇంటి వాసాలకూ ఎండు వెదురుకూ గుండ్రని రంధ్రం తొలిచి లోపల గూడు పెట్టే పెద్ద ఈగ, ఈ ఒంటరి జీవనానికి కళ్లెదుట ఉండే ఉదాహరణ.

అయితే అన్ని ఒంటరి తేనెటీగలూ తుమ్మెదలాగా కొయ్యను తొలచలేవు. కొన్ని నేలలో బొరియలు తవ్వుకుంటాయి, కొన్ని ఇతర కీటకాలు తొలిచి విడిచిన రంధ్రాలనూ, సహజంగా బోలుగా ఉండే కాడలనూ ఆక్రమించి వాటిలో గదులు కట్టుకుంటాయి. మెగాకైలీ అనే ప్రజాతిలోని ఈగలు చాలావరకు ఈ చివరి తరగతివి. వీటిలో కొన్ని జాతులు గులాబీ ఆకుల అంచులనూ కంది ఆకుల అంచులనూ అర్ధచంద్రాకారంలో కత్తిరించి, ఆ ముక్కలతో గదుల గోడలు అల్లుతాయి. కంది పైరుకు సోకే పురుగుల పట్టికలలో ఈ ఆకు కత్తిరింపు కూడా కనిపిస్తుంది గాని, దానివల్ల దిగుబడికి కలిగే నష్టం చెప్పుకోదగినది కాదు. మరికొన్ని జాతులు ఆకులకు బదులు మట్టినీ, చెట్ల జిగురునూ వాడతాయి. ఈ ప్రజాతి ఆడ ఈగలను తేలికగా గుర్తించగల లక్షణం ఒకటి ఉంది: పట్టు కట్టే తేనెటీగ పుప్పొడిని వెనక కాళ్ల మీద ముద్దగా అంటించుకుని మోస్తే, ఇవి పొట్ట అడుగు భాగంలో బ్రష్షులా గుబురుగా ఉండే రోమాలలో పొడిపొడిగా మోసుకుపోతాయి.

మెగాకైలీ లనాటాను డెన్మార్క్ దేశపు కీటక శాస్త్రజ్ఞుడు యోహాన్ క్రిస్టియన్ ఫాబ్రిషియస్ 1775లో వర్ణించాడు. సెంటీమీటరుకు కొంచెం పైబడిన పొడవు, తలా రొమ్మూ నిండా ఎర్రగోధుమ వన్నె నూగు, నల్లని పొట్ట మీద లేత రంగు పట్టీలు దీని ఆనవాళ్లు. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఉత్తర భారతంలో ఉంటూ కీటకాల అలవాట్లను పరిశీలించిన చార్లెస్ హోర్న్ ఈ ఈగ ఇళ్లలోకి చొరబడి మట్టితో గూళ్లు కడుతుందనీ, దానికి సహజమైన చోటు వెదురు వంటి బోలు కాడ అయినప్పటికీ, తుపాకి గొట్టంలోనూ, తెరిచి వదిలిన పుస్తకం వెన్ను దగ్గర ఏర్పడే సందులోనూ కూడా గూడు పెట్టిందనీ రాశాడు. ఈ గూళ్లలో లోపలి గదులలో ఆడ ఈగలూ, ద్వారం వైపు గదులలో మగ ఈగలూ పెరుగుతాయి. మగవి ముందుగా ఎదిగి బయటికి వచ్చేస్తాయి కాబట్టి, ఆలస్యంగా ఎదిగే ఆడవాటికి దారి అడ్డు తొలగి ఉంటుంది. తల్లి ఈగ ఈ ఏర్పాటును చేయగలగడానికి కారణం ఈ వర్గపు కీటకాలలో ఫలదీకరణం చెందిన గుడ్డు నుంచి ఆడపిల్లా, చెందని గుడ్డు నుంచి మగపిల్లా పుట్టడం. జతకట్టినప్పుడు లభించిన వీర్యాన్ని తల్లి తన శరీరంలో నిల్వ ఉంచుకుని, గుడ్డు పెట్టే క్షణంలో దాన్ని వినియోగించాలో మానాలో నియంత్రిస్తుంది. గూటి గురించీ, గుడ్డు గురించీ చెప్పిన ఈ వివరాలే ఈ ఈగ సముద్రాలు దాటగలగడానికి కూడా మూలం అని ముందుకు పోయినకొద్దీ తెలుస్తుంది.

ఇటువంటి ఈగలకు కావలసినవి మూడు: గూటికి బోలు కాడలు, గోడలకు మట్టి, ఆహారానికి దీర్ఘకాలం పూసే పూలు. ఉట్నూర్ పరిసరాలలో ఈ మూడింటికీ కొరత లేదు. టేకుతో పాటు వెదురు పెరిగే అడవులు, గోండు, కొలాం, పర్ధాన్, తోటి, నాయకపోడ్ గూడేలలో వెదురు తడికె మీద మట్టి మెత్తి కట్టిన పాత పద్ధతి ఇళ్లు, వెదురు పుల్లలతోనూ ఎండు కాడలతోనూ వేసిన దడులు, పత్తి సాళ్ల మధ్య అంతర పంటగా వేసిన కంది ఇవన్నీ ఒకదానికొకటి కూతవేటు దూరంలోనే ఉంటాయి. తొలకరికి విత్తిన మధ్యకాలిక కంది రకాలు వానలు వెనుకబట్టిన తరువాత, అడవిలో పూత తగ్గుముఖం పట్టే వేళకు పూతకు వచ్చి, వారాల తరబడి పూస్తూనే ఉంటాయి. ఆ కాలంలో కంది చేను ఈగలకు ఒక ముఖ్యమైన ఆధారం.

కంది పువ్వుకూ ఈ ఈగకూ ఉన్న పొత్తు సూక్ష్మంగా పరిశీలించదగినది. కంది పువ్వులో పైకి నిలిచే పెద్ద రేకు ఒకటి, పక్కన రెక్కల వంటి రేకులు రెండు, కింద పడవ ఆకారంలో కలిసిపోయిన రేకులు రెండు ఉంటాయి. కేసరాలూ అండాశయమూ ఆ పడవ లోపల దాగి ఉంటాయి. బరువైన ఈగ రెక్క రేకుల మీద వాలి తలను లోపలికి తోసినప్పుడు పడవ కిందికి వంగి, కేసరాలు బయటికి వచ్చి ఈగ పొట్ట అడుగున తాకుతాయి. పొట్ట అడుగునే పుప్పొడి మోసే మెగాకైలీ ఈగకు ఈ నిర్మాణం సరిగ్గా అమరుతుంది. కంది పుప్పొడి బరువైనది, జిగురుగా ఉండేది. గాలికి ఎగిరి పోయేది కాదు. పువ్వు విచ్చుకోకముందే మొగ్గలో స్వపరాగ సంపర్కం, అంటే పువ్వు తన పుప్పొడితో తానే ఫలదీకరణం చెందడం, చాలావరకు జరిగిపోయినా, ఈగల రాకపోకల వల్ల సగటున ఐదో వంతు గింజలు పక్క మొక్కల పుప్పొడితో ఏర్పడతాయి. ఈ నిష్పత్తి ప్రాంతాన్ని బట్టీ, ఈగల సంఖ్యను బట్టీ బాగా మారుతుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ క్షేత్రాలలో 1970వ దశకంలో కంది పూల మీద వాలే కీటకాలను గమనించినప్పుడు, ఈ పనిలో ముందున్నవిగా గుర్తించిన వాటిలో కొండతేనెటీగతో పాటు మెగాకైలీ లనాటా కూడా ఉంది.

ఈ పరిశీలన తరువాత కాలంలో ఒక పెద్ద ప్రయోజనానికి దారితీసింది. పప్పుధాన్యాలలో సంకర విత్తనం తయారుచేయడం చాలాకాలం అసాధ్యమనుకున్నారు. ఎందుకంటే వాటి పూలు చాలావరకు తమ పుప్పొడితోనే కాయ కడతాయి. కందిలో మాత్రం ఈగలు పుప్పొడిని ఒక మొక్క నుంచి మరొక మొక్కకు చేరవేస్తాయి కాబట్టి, పుప్పొడి ఉత్పత్తి చేయలేని వరుసలనూ చేయగల వరుసలనూ పక్కపక్కన నాటితే, మొదటి వరుసలలో కట్టే ప్రతి గింజా సంకర గింజే అవుతుంది. ఈ సూత్రం మీద ఇక్రిశాట్ రూపొందించిన సంకర కంది 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది. తెలంగాణకు 2015లో విడుదలైన మరో సంకర రకానికి మన్నెంకొండ కంది అని పేరు పెట్టారు. ఈ విత్తనోత్పత్తిలో పుప్పొడి మోసే పని మొత్తం పొలంలో స్వేచ్ఛగా తిరిగే ఈగలదే. విత్తన క్షేత్రం పక్కన వెదురు పొదలూ, దడులూ లేకుండా చదును చేసి, పూత కాలంలో పగటిపూట మందు కొడితే, ఎంత ఖరీదైన విత్తన వంగడమైనా గింజ కట్టదు.

ఇక ఈ ఈగ దీవులకు చేరిన తీరు. కంది జన్మస్థానం భారతదేశమని పంటల చరిత్రకారులు నిర్ధారించారు. ప్రాచీన కాలంలోనే ఇక్కడి నుంచి తూర్పు ఆఫ్రికాకు చేరిన కంది, ఆఫ్రికా ప్రజలను బానిసలుగా ఓడలలో తరలించిన కాలంలో అట్లాంటిక్ దాటి కరీబియన్ దీవులకు చేరింది; ఈనాడు పోర్టోరికో, డొమినికన్ రిపబ్లిక్ వంటి చోట్ల పచ్చి కంది గింజలతో వండిన అన్నం పండుగ వంటకం. మెగాకైలీ లనాటా కూడా 18వ శతాబ్దిలోనో, 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలోనో అదే బానిస వ్యాపార కాలంలో మనుషుల రాకపోకల వల్లనే వెస్టిండీస్ చేరి ఉంటుందని అమెరికన్ కీటక శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఇప్పుడది క్యూబా, జమైకా, పోర్టోరికో వంటి దీవులలోనూ, అమెరికా ప్రధాన భూభాగంలో ఫ్లోరిడాలోనూ స్థిరపడి ఉంది. భారతదేశంలో పుట్టిన పంటా, ఆ పంట పూల మీద వాలే ఈగా వేర్వేరు దారులలో ప్రయాణించి భూగోళానికి అవతలి వైపున ఒకే దీవులలో చేరడం వాణిజ్య చరిత్రలో అరుదైన సంఘటన ఏమీ కాదు. ఓడలు మోసినది సరుకును మాత్రమే కాదు, సరుకులోనూ ఓడ కొయ్యలోనూ దాగిన ప్రాణులను కూడా.

పట్టు కట్టే తేనెటీగను సముద్రం దాటించాలంటే రాణితో సహా ఒక గుంపును బతికించుకుంటూ తీసుకుపోవాలి. ఒంటరి తేనెటీగకు ఆ అవసరం లేదు. వెదురు గొట్టంలో, పెట్టె కొయ్యలోని రంధ్రంలో, యంత్రపు గొట్టంలో, తలుపు తాళం సందులో మూతవేసి ఉన్న గదులలో పురుగులు తమ వంతు ఆహారంతో సహా వారాలు, నెలలు నిశ్శబ్దంగా గడిపి, ఓడ రేవు చేరిన తరువాత బయటపడతాయి. ఒకే గూటిలో ఆడవీ మగవీ ఉంటాయి కాబట్టి కొత్త చోట అవి ఒకదానితో ఒకటి జతకట్టవచ్చు; జతకట్టి ఉన్న ఒక్క ఆడ ఈగ చేరినా, దాని శరీరంలోని వీర్యపు నిల్వతో కొత్త సంతతి మొదలుకావచ్చు. అందువల్లనే ప్రపంచంలో మనిషి చేతి మీదుగా కొత్త భూభాగాలకు చేరిన తేనెటీగలలో నేలలో బొరియ తవ్వే జాతుల కంటే కాడలలోనూ కొయ్య రంధ్రాలలోనూ గూడు పెట్టే జాతులు ఎక్కువగా కనిపిస్తాయి.

ఇక్కడ మూడు పదాలను వేరుచేసి చూడవలసి ఉంటుంది. తన సహజ ప్రాంతం కాని చోటికి మనిషి వల్ల చేరిన జాతిని పరదేశి జాతి అంటారు. అది అక్కడ మనిషి సాయం లేకుండా తరతరాలుగా సంతానం కనగలిగితే స్థిరపడిన జాతి అంటారు. స్థిరపడి, వేగంగా విస్తరించి, అక్కడి జీవులకో పంటలకో హాని కలిగించినప్పుడు మాత్రమే దాన్ని ఆక్రమణ జాతి అనాలి. ఒక జాతి ఈ మూడింటిలో ఏ మెట్టు మీద ఉందన్నది దాని స్వభావం మీద ఎంత ఆధారపడుతుందో, అది చేరిన చోటి స్వభావం మీద అంతకంటే ఎక్కువగా ఆధారపడుతుంది. వందలాది తేనెటీగ జాతులు వేల ఏళ్లుగా సర్దుకుని బతుకుతున్న ఖండానికి మరొక జాతి చేరితే కలిగే ఒత్తిడి వేరు. కొద్ది జాతులే ఉన్న దీవికి చేరితే కలిగే ఒత్తిడి వేరు.

హవాయి దీవులు దీనికి స్పష్టమైన ఉదాహరణ. సమీప ఖండానికి 3,500 కిలోమీటర్లకు పైగా దూరంలో అగ్నిపర్వతాల వల్ల ఏర్పడిన ఈ దీవులకు, మనుషులు రాకముందు, హైలేయస్ అనే ఒకే ప్రజాతికి చెందిన తేనెటీగ చేరి, అక్కడ కాలక్రమంలో 60కి పైగా జాతులుగా విడివడింది. ముఖం మీద పసుపు మచ్చలుండే ఈ సన్నని నల్లని ఈగలు పుప్పొడిని కాళ్ల మీదనో పొట్ట అడుగుననో కాకుండా మింగి, కడుపులోని సంచిలో మోసుకుపోతాయి. 1890వ దశకంలో ఆ దీవులలో కీటకాలను సేకరించిన ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు పెర్కిన్స్ కాలానికి ఇవి దాదాపు ప్రతిచోటా కనిపించేవి. ఆ తరువాతి శతాబ్దంలో తీరం వెంబడి భవనాలు లేవడం, పరాయి చీమలు గూళ్లను దోచుకోవడం, మేకలూ పందులూ అడవిని పాడుచేయడం వంటి కారణాలతో వాటి సంఖ్య పడిపోయింది. 2016లో అమెరికా ప్రభుత్వం వీటిలో ఏడు జాతులను అంతరించే ప్రమాదంలో ఉన్నవిగా ప్రకటించింది. ఆ దేశపు అధికారిక పట్టికకు ఎక్కిన మొట్టమొదటి తేనెటీగలు అవే.

ఈ బలహీనమైన జాతుల మధ్యకు భారత ఉపఖండపు ఈగలు చేరాయి. 19వ శతాబ్దంలో భారతదేశం నుంచి వర్ణితమైన హైలేయస్ స్ట్రెన్యుయస్ అనే ఈగ 2000వ దశకంలో ఓఅహు దీవిలో కనిపించి త్వరలోనే అక్కడ విస్తరించింది. భారతదేశం నుంచి ఆగ్నేయాసియా వరకు సాధారణమైన సెరాటినా స్మరాగ్డులా, అంటే మెరిసే ఆకుపచ్చ వన్నె గల చిన్న జాతి తుమ్మెద, 1999 నుంచి అక్కడ ఉంది. మెగాకైలీ అంబ్రిపెన్నిస్ అనే మరో ఆసియా ఈగ వాటికి పూర్వమే స్థిరపడింది. హవాయి సొంత ఈగలలో చాలా జాతులు ఎండు పుల్లల బోలులోనూ, కొయ్య రంధ్రాలలోనూ గూడు పెడతాయి; వచ్చిన ఈగలు వెతికేవి కూడా అవే పుల్లలు, అవే రంధ్రాలు. తీరప్రాంతంలో మిగిలిన కొద్దిపాటి సహజ పొదల మీద గూటి చోటుకూ, పుప్పొడికీ ఇద్దరు పోటీదారులు ఏర్పడడం వల్ల, ఇప్పటికే చీమలూ భవనాలూ దెబ్బతీసిన జాతులకు ఇది అదనపు భారమైంది. ఇందులో ఆసియా ఈగలు ప్రధాన దోషులు కావు గాని, వెనుకబడిన వారిని మరింత వెనక్కి నెట్టగల స్థితిలో ఉన్నాయి.

తెలుగువారికి సన్నిహితమైన ఫిజీలో కథ కొంత భిన్నంగా నడిచింది. 1879లో కలకత్తా నుంచి మొదటి ఓడ చేరిన ఫిజీకి, 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా దక్షిణ భారత కూలీలను చెరకు తోటలకు తరలించారు; వారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు, వారి వారసులు ఈనాటికీ అక్కడ ఉన్నారు. ఆ దీవుల సొంత తేనెటీగలు హోమాలిక్టస్ అనే ప్రజాతికి చెందిన, లోహపు మెరుపు గల చిన్న ఈగలు. అవి నేలలో బొరియలు తవ్వుకుని బతుకుతాయి. 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఈ ప్రజాతిలో ఒక్క ఫిజీ నుంచే తొమ్మిది కొత్త జాతులను వర్ణించారు. వాటిలో చాలావరకు ఎత్తయిన కొండ శిఖరాలకే పరిమితమైనవి. ఫిజీలో కనిపించే ఆకు కత్తిరించే ఈగలన్నీ మాత్రం ఇటీవలి కాలంలో ఆసియా వైపు నుంచి మనుషుల ద్వారా చేరినవేనని, దక్షిణ ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయపు బృందం వంశవాహికల పరిశీలన ఆధారంగా 2013లో తేల్చింది. వీటికి తోడు, భారత ఉపఖండపు బ్రౌన్‌సాపిస్ అనే చిన్న ఈగ 21వ శతాబ్ది మొదటి దశకంలో సువా నగర పరిసరాలలో కనిపించింది. ఇది పూర్తిగా ఒంటరి కాదు, ఒకే ఎండు పుల్లలో తల్లీ పిల్లలూ కొంతకాలం కలిసి ఉంటారు గాని, పుల్లలో దాగి ప్రయాణించే సౌలభ్యం దీనికీ ఉంది.

ఫిజీ ఈగలు నేలలో గూడు పెట్టేవి కాబట్టి పుల్లల కోసం పోటీ అక్కడ లేదు. అయినా సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. బ్రౌన్‌సాపిస్ తరచుగా వాలేది వెడీలియా అనే పసుపు పూల తీగ మీద. అమెరికా ఉష్ణమండలం నుంచి తోటల అలంకరణకు తెచ్చిన ఆ తీగ పసిఫిక్ దీవులలో నేలను కప్పివేసే కలుపుగా మారింది. పరాయి కలుపుకు పరాయి ఈగ తోడైతే, ఈగకు పుప్పొడి దొరుకుతుంది, కలుపుకు పరాగ సంపర్కం దొరుకుతుంది. రెండూ ఒకదాని విస్తరణకు మరొకటి దోహదం చేయగలవు. గాలాపగోస్ దీవులలో ఒకే ఒక్క సొంత తేనెటీగ, డార్విన్ పేరు మీదుగా పిలిచే తుమ్మెద జాతి, శతాబ్దాలుగా పూలన్నింటికీ ప్రధాన సందర్శకురాలిగా ఉండగా, ఇటీవలి దశాబ్దాలలో అక్కడికీ ఒక మెగాకైలీ ఈగ చేరినప్పుడు జీవశాస్త్రజ్ఞులు కలవరపడినది కూడా ఇందుకే: సొంత మొక్కలకు అలవాటైన సందర్శకురాలు ఒకటే ఉన్న చోట, కొత్త సందర్శకురాలు ఏ మొక్క గింజలను పెంచుతుందో, ఏ మొక్క గింజలను తగ్గిస్తుందో ఆ దీవి వృక్షజాలపు భవిష్యత్తును మార్చగల విషయం.

పరదేశి ఈగ చేరిన ప్రతిచోటా నష్టమే జరిగిందనడం కూడా సరికాదు. ఐరోపా, ఆసియా ప్రాంతాల నుంచి 20వ శతాబ్ది పూర్వార్ధంలో అనుకోకుండా ఉత్తర అమెరికా చేరిన మెగాకైలీ రోటుండేటా అనే ఈగ, అక్కడ పశుగ్రాసంగా పండించే లూసర్న్ పంట విత్తనోత్పత్తికి ఆధారమై, కొయ్య పలకల రంధ్రాలలో పెంచి అమ్మే పరిశ్రమగా ఎదిగింది. భారతదేశంలో పెట్టెలలో పెంచే ఐరోపా తేనెటీగ కూడా పరదేశే. 1962లో హిమాలయ పాదాల దగ్గర నగ్రోటా బగ్వాన్‌లో మొదలైన ప్రయత్నం ఫలించి, ఆ తరువాత దేశమంతటా వ్యాపించింది. లాభం పంటలో, రూపాయలలో వెంటనే కనిపిస్తుంది. నష్టం, పేరు కూడా పెట్టని ఒక చిన్న ఈగ తగ్గిపోవడంలో, ఏదో ఒక పొద గింజ కట్టకపోవడంలో నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి లెక్కకు రాదు. అందుకే దీవుల ప్రభుత్వాలు వచ్చిన తరువాత తరిమేయడం కంటే రాకుండా ఆపడం మీద దృష్టి పెడుతున్నాయి. సరుకు పెట్టెల కొయ్యను లోపలి భాగం వరకు 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషాల పాటు ఉంచాలన్న అంతర్జాతీయ నియమం కొయ్య తొలిచే పురుగుల కోసం ఏర్పడినదే అయినా, కొయ్య రంధ్రాలలో దాగిన ఈగ పిల్లలకూ అది వర్తిస్తుంది.

ఇంతవరకు చెప్పిన దాన్ని బట్టి ఉట్నూర్ ప్రాంతానికి వర్తించే విషయాలు కొన్ని తేలుతాయి. మొదటిది, ఈ ఈగలకు ఇక్కడ ఉన్న స్థానం సొంత ఇంటి వారసత్వం; కంది పువ్వు నిర్మాణమూ, ఈగ పొట్ట మీది బ్రష్షూ ఒకే నేల మీద కలిసి బతికాయి. ఆ వారసత్వం ఇప్పుడు తగ్గుతున్న చోటులతో కుంచించుకుపోతున్నది. తడికె గోడల చోట సిమెంటు గోడలు, వెదురు దడుల చోట ఇనుప తీగలు వస్తున్నాయి. పంట కోసిన తరువాత గట్ల మీది ఎండు కాడలనూ పొదలనూ నిప్పు పెట్టి శుభ్రం చేసే అలవాటు వల్ల కాడలలో మూతవేసి ఉన్న గదులు లోపలి పిల్లలతో సహా కాలిపోతాయి. పక్కా ఇల్లు కట్టుకోవద్దని ఎవరూ చెప్పనక్కరలేదు. చూరు కిందనో పొలం మంచె దగ్గరనో, ఒక చివర కణుపుతో మూసి, మరో చివర తెరిచి ఉన్న సన్నని వెదురు గొట్టాలను జానెడు పొడవున కోసి, వాన తగలకుండా కట్టగా వేలాడదీస్తే చాలు. గొట్టం లోపలి బోలు చిటికెన వేలు పట్టేంత లేదా అంతకంటే సన్నగా ఉండాలి. వెదురు పని తెలిసిన చేతులు ప్రతి గూడెంలోనూ ఉన్న ప్రాంతంలో దీనికి వేరే ఖర్చు అక్కరలేదు.

రెండవది మందుల సమయం. కంది పూత, పిందె దశలలో శనగపచ్చ పురుగూ, మారుకా మచ్చల పురుగూ ఆశించినప్పుడు మందు కొట్టడం తప్పనిసరి కావచ్చు; అయితే ఈగలు ఎండ వచ్చిన తరువాత పూల మీద తిరిగి, సాయంత్రానికి గూళ్లకు చేరతాయి కాబట్టి, పొద్దు వాలిన తరువాత కొట్టిన మందు పురుగును తాకుతూనే ఈగను చాలావరకు తప్పిస్తుంది. ఒంటరి తేనెటీగ విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. పట్టు కట్టే తేనెటీగలలో వంద కూలి ఈగలు చనిపోయినా రాణి మిగిలి ఉంటే పట్టు కోలుకుంటుంది; ఒంటరి జాతిలో పూల మీద చనిపోయిన ప్రతి ఆడ ఈగతోనూ ఒక గూడు సగంలో ఆగిపోతుంది.

మూడవది, ఇక్కడి ఈగల జాబితా. హవాయిలో కనిపించిన కొత్త ఈగ భారతీయ జాతి అని అక్కడి శాస్త్రజ్ఞులు తేల్చగలగడానికి కారణం, దాన్ని శతాబ్దం కిందటనే ఎవరో ఇక్కడ పట్టుకుని, పరిశీలించి, వర్ణన రాసి ఉంచడం. భారతీయ తేనెటీగల మీద మొట్టమొదటి సమగ్ర గ్రంథం 1897లో చార్లెస్ బింగ్‌హామ్ రాసినది. ఇప్పటికీ పరిశోధకులు దాన్ని సంప్రదించవలసి వస్తున్నది. వెదురు గొట్టాల కట్టలను చేలలో వేలాడదీసి, ఏ నెలలో ఏ ఈగ ఏ గొట్టంలో ఏ పదార్థంతో గదులు కట్టిందో నమోదు చేయడం, ఆ గదుల నుంచి వెలువడిన ఈగలను భద్రపరచడం పెద్ద ప్రయోగశాల అవసరం లేని పని. వ్యవసాయ పరిశోధన కేంద్రాలూ, గిరిజన ప్రాంతపు కళాశాలల విద్యార్థులూ, చేను ఉన్న రైతులూ కలిసి చేయగల పని. అటువంటి జాబితా ఉంటే కంది విత్తనోత్పత్తి ఏ చేనుకు అనుకూలమో ఇక్కడి రైతుకు తెలుస్తుంది. ఏదో ఒక రేవులో సరుకు పెట్టె నుంచి వెలువడిన ఈగ ఎక్కడిదో, ఏ కాడలను ఆశ్రయిస్తుందో, ఏ పూలను కోరుకుంటుందో దీవిలోని అధికారికి అది విస్తరించకముందే తెలుస్తుంది. ఈగను దాని సొంత నేల మీద శ్రద్ధగా తెలుసుకోవడం వల్ల ఆ నేలకూ, అది చేరకూడని దీవులకూ ఏకకాలంలో మేలు కలుగుతుంది. ఆ పని మొదలుపెట్టడానికి కంది పూత కాలానికి మించిన అదను లేదు.